పనిచోటే ఇంగ్లీష్ క్లాసులు: యూనియన్, కమ్యూనిటీ కాలేజీ కలిసి పెడితే కాంట్రాక్ట్‌లో ఏం రాయించాలి?

ట్రేలైన్_స్టీవార్డ్:

మా స్టీవార్డుల (పనిచోట యూనియన్ ప్రతినిధుల) కమిటీ తరఫున అడుగుతున్నాను. న్యూజెర్సీలో నెవార్క్ ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాలకు భోజనం ట్రేలు సర్ది పంపే కిచెన్ మాది. యూనియన్ ఉంది. 140 మంది మెంబర్లు, జీతం సగటున గంటకు 18 డాలర్లు. స్పానిష్, హైతీ క్రియోల్, గుజరాతీ మాట్లాడేవాళ్ళు ఎక్కువ. మన తెలుగువాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ళలో చాలామంది తోబుట్టువులు స్పాన్సర్ చేస్తే ఎఫ్-4 గ్రీన్‌కార్డ్ మీద యాభై దాటాక వచ్చినవాళ్ళే. ఇంగ్లీష్ క్లాసుకు మొత్తం 35 మంది పేర్లిచ్చారు.

దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ టీచర్ని పంపుతానంటోంది. 12 వారాలు, వారానికి రెండు రోజులు, రోజుకు గంటన్నర అని వాళ్ళ ప్రతిపాదన. కంపెనీ "మంచిదే, షిఫ్ట్ అయ్యాక పెట్టుకోండి, బ్రేక్ రూమ్ ఇస్తాం" అంటోంది కానీ జీతం మాట ఎత్తడం లేదు. డే షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2:30, ఈవెనింగ్ షిఫ్ట్ 2:30 నుంచి 11. త్వరలో కొత్త కాంట్రాక్ట్ బేరాలు మొదలవుతాయి.

12 వారాలు చాలుతాయా? షిఫ్ట్ అయ్యాక జీతం లేకుండా క్లాస్ పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా? బేరంలో ఏం అడగాలి?

---

ఈఎస్‌ఎల్_టీచర్:

12 వారాలకు ఒప్పుకోకండి. అది 36 గంటలే అవుతుంది. కాలేజీకి డబ్బు ఫెడరల్ వయోజన విద్యా నిధుల నుంచి, అంటే 2014 నాటి వియోవా చట్టం టైటిల్ 2 నుంచి వస్తుంటే, ప్రతి విద్యార్థికీ మొదట ఒక పరీక్ష, తర్వాత ఇంకో పరీక్ష పెట్టి ఎంత ముందుకెళ్ళారో చూపించాలి. చాలా చోట్ల వాడేది కాసాస్ పరీక్ష. రెండు పరీక్షల మధ్య 70 నుంచి 100 గంటల బోధన ఉండాలని సిఫార్సు, కనీసం 40. ఒక్క రోజు కూడా మానని మనిషికి సైతం మీ 36 గంటల్లో రెండో పరీక్ష రాసే వీలుండదు. కాలేజీ లెక్కల్లో క్లాసు మొత్తం "ప్రగతి లేదు" కింద పడిపోతుంది. మరుసటి ఏడాది ఆ క్లాసుకు నిధులు అడగడానికి వాళ్ళ దగ్గర ఆధారమే ఉండదు. పని చోట పెట్టిన క్లాసులు ఒక్క విడతతో ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం, చాలామంది గమనించరు.

ఓవర్‌టైమ్, ఫ్లైట్ ఆలస్యాలు, ఇంట్లో మనవల బాధ్యత, ఇవన్నీ కలిపి ఐదో వంతు గంటలు పోతాయనుకోండి. వారానికి మూడు గంటల చొప్పున 16 వారాలు పెడితే 48 గంటలు, మనిషికి అందేది 38. 18 వారాలైతే 54లో 43 అందుతాయి. కాబట్టి 18కి తగ్గొద్దు. థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా మీ లైన్‌లోంచి ఎవర్నీ కదలనివ్వరు కనుక జనవరి రెండో వారంలో మొదలుపెడితే మే మధ్యకి, వేసవి రద్దీకి ముందే పూర్తవుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. కాలేజీ సెమిస్టర్ 15 వారాలు, పార్ట్‌టైమ్ టీచర్ ఒప్పందం కూడా అంతవరకే. చివరి మూడు వారాలకు టీచర్ ఉండరు. అందుకని క్రెడిట్ కోర్సుల విభాగంతో కాకుండా కాలేజీలోని వర్క్‌ఫోర్స్ విభాగంతో మాట్లాడండి, వాళ్ళకు సెమిస్టర్ కట్టుబాటు ఉండదు. పాఠం తయారీకి కూడా టీచర్‌కి డబ్బు ఇవ్వాలని రాయించండి, బోధించే ప్రతి గంటకూ కనీసం అరగంట. అది లేకపోతే దుకాణంలో దొరికే పుస్తకమే పాఠమవుతుంది, సూపర్‌మార్కెట్‌లో టమాటాలు కొనడం దగ్గర మొదలవుతుంది.

35 మందిని రెండు క్లాసులుగా విడదీసేటప్పుడు ఒక్క మార్కు చూసి విడదీయొద్దు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివినవాళ్ళు ఇంగ్లీష్ అక్షరాలు, చిన్న వాక్యాలు బాగానే చదువుతారు. చదివే పరీక్షలో పై లెవెల్ వస్తుంది. తీరా టీచర్ మామూలు వేగంతో మాట్లాడితే ఒక్క ముక్క అందదు. స్పానిష్ మాట్లాడేవాళ్ళలో కొందరిది దీనికి సరిగ్గా తిరగేసిన పరిస్థితి, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి గలగలా మాట్లాడతారు, ఫారం నింపమంటే ఆగిపోతారు. అందుకని మౌఖిక పరీక్ష విడిగా పెట్టించండి. బెస్ట్ ప్లస్ లాంటిది ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి చేసేది, మనిషికి పావుగంట వేసుకున్నా 35 మందికి తొమ్మిది గంటలు. క్లాసు మొదలయ్యే ముందు వారమే అది పూర్తి కావాలి. మొదటి రోజే పరీక్ష పేపర్ చేతికిస్తే మనవాళ్ళలో పెద్దవయసు ఆడవాళ్ళు రెండో రోజు రారు.

---

కాంట్రాక్ట్_బేరగాడు:

చట్టం సంగతి. ఫెడరల్ లేబర్ నిబంధనల్లో పార్ట్ 785 చూడండి. శిక్షణ సమయానికి జీతం ఇవ్వక్కర్లేదని కంపెనీ అనాలంటే నాలుగూ కలిసి ఉండాలి: మామూలు పనిగంటల బయట జరగాలి, రావడం నిజంగా ఇష్టపూర్వకం కావాలి, పనికి నేరుగా సంబంధించినది కాకూడదు, అక్కడ కంపెనీకి పనికొచ్చే పనేదీ చేయించకూడదు. "రాకపోతే లీడ్ పోస్టు (లైన్‌కి పెద్దగా ఉండే పదవి) దక్కదు" అని సూపర్‌వైజర్ నోరు జారినా అది ఇష్టపూర్వకం కాదు.

అయితే కంపెనీ లాయర్ దగ్గర మినహాయింపు ఉంది. బయటి విద్యాసంస్థలు చెప్పే కోర్సులాంటిదే కంపెనీ ఏర్పాటు చేసి, ఉద్యోగి ఇష్టంతో పనిగంటల బయట హాజరైతే, పనికి సంబంధించినదైనా సరే జీతం ఇవ్వక్కర్లేదు. అదే పార్ట్‌లో ఉంది. మీ కిచెన్ లాగ్ షీట్లతోనే తయారైన పాఠమైతే ఆ వాదన పలచబడుతుంది కానీ చట్టాన్నే నమ్ముకుని కూర్చోకండి. జీతం అనేది బేరంలో తెచ్చుకోవాల్సిందే.

వాడుకలో నిలిచిన పద్ధతి సగం-సగం: క్లాసు సమయంలో సగానికి కంపెనీ జీతం, సగం పనివాడి సొంత టైమ్. మీ షిఫ్టులకు ఇది చక్కగా అతుకుతుంది. క్లాసు 1:45 నుంచి 3:15 దాకా పెట్టండి. డే షిఫ్ట్ వాళ్ళకు చివరి 45 నిమిషాలు జీతంతో, మిగతా 45 సొంతం. ఈవెనింగ్ వాళ్ళు 45 నిమిషాలు ముందొస్తారు, 2:30 తర్వాతి 45 జీతంతో. రెండు షిఫ్టుల వాళ్ళూ ఒకే గదిలో కూర్చోవచ్చు కాబట్టి లెవెల్‌ని బట్టి విడదీయడానికి కూడా వీలు, ఒక లెవెల్‌కి సోమ-బుధ, రెండోదానికి మంగళ-గురు. కంపెనీకి ఖర్చు లెక్క కట్టి చూపించండి: 15 మంది, వారానికి గంటన్నర జీతం, 18 డాలర్లు, 18 వారాలు. ఒక క్లాసుకు 7,290 డాలర్లు. ముందే ఆ అంకె బల్ల మీద పెట్టకపోతే వాళ్ళు దానికి మూడింతలు ఊహించుకుని వద్దంటారు.

లైన్ ఖాళీ అవుతుందన్న భయం నిజమైనదే, తోసిపుచ్చకండి. ఒకే స్టేషన్ నుంచి ఒక రోజుకు ఇద్దరికి మించి రారని మీరే రాసివ్వండి. దానికి బదులు ఇవి రాయించుకోండి. సూపర్‌వైజర్ ఆపేస్తే ఆ గంట వారం లోపల జీతంతో తిరిగివ్వాలి. క్లాసు నుంచి లైన్‌కి రావడానికి పట్టే పది నిమిషాలకు, ఆలస్యానికి వేసే అటెండెన్స్ పాయింట్ పడకూడదు. క్లాసు ఉన్న రోజు ఆ సమయంలో తప్పనిసరి ఓవర్‌టైమ్ వేయకూడదు. ఈ మూడోది రాయించని చోట నాలుగో వారానికల్లా గదిలో సగం కుర్చీలు ఖాళీ.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కంపెనీ ఈ క్లాసు చూపించి సేఫ్టీ ట్రైనింగ్ ఇంగ్లీష్‌లోనే సరిపెడతానంటే ఒప్పుకోవద్దు. పనివాడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే పదాల్లో శిక్షణ ఇవ్వాలని ఓషా (పనిచోటి భద్రత చూసే ఫెడరల్ సంస్థ) 2010లోనే విధానపత్రం ఇచ్చింది. బ్లేడు దగ్గరా రసాయనాల దగ్గరా ఉన్న మనిషి ఇంగ్లీష్ నేర్చుకునేదాకా ఆగలేడు.

---

ట్రేలైన్_స్టీవార్డ్:

చాలా థ్యాంక్స్ అండి, 1:45 లెక్క మా కమిటీలో ఎవరికీ తట్టలేదు. ఇంకో మూడు సందేహాలు. "జీతం మేమిస్తున్నాం కాబట్టి ఎవరికెన్ని మార్కులొచ్చాయో మాకు చెప్పాలి" అని హెచ్ఆర్ అంటోంది. ఎయిర్‌పోర్ట్ భద్రత పేరు చెప్పి టీచర్‌ని లోపల ఫోటోలు తీయనివ్వరు, మరి పాఠాలకు సామగ్రి ఎలా? యూనియన్ హక్కులు క్లాసులో చెప్పడం కుదరదని కూడా అంటున్నారు, అది సరేనా?

---

కాంట్రాక్ట్_బేరగాడు:

హాజరు వేరు, మార్కులు వేరు. జీతం వేయాలంటే పేరోల్‌కి హాజరు పట్టిక పేర్లతో సహా కావాలి, ఇవ్వండి. మార్కులు కాలేజీ రికార్డు. విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా కాలేజీ బయటపెట్టకూడదు. చేరే ఫారాల్లో ఆ అనుమతి కాగితం కూడా కలిపి సంతకం పెట్టించేస్తుంటారు, ముందే చూసి తీయించండి. కంపెనీకి మొత్తం మీద ఎంతమంది ఒక లెవెల్ పైకెళ్ళారో చెబితే చాలు. పదిమంది కంటే తక్కువున్న క్లాసైతే అదీ వద్దు, ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది.

హక్కుల సంగతి. 1975లో సుప్రీంకోర్టు ఇచ్చిన వైన్‌గార్టెన్ తీర్పు మీకు తెలిసిందే. శిక్షకు దారితీసేలా మేనేజర్ విచారణకు పిలిస్తే యూనియన్ ప్రతినిధి కావాలని పనివాడు అడగవచ్చు. కానీ అడగాల్సింది పనివాడే. కంపెనీ తనంతట తాను గుర్తుచేయక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం ఇంగ్లీష్‌లో పలకలేని మనిషికి ఆ హక్కు ఉన్నా లేనట్టే. అందుకే పాఠ్యాంశాల మీద చివరి మాట కాలేజీది, యూనియన్‌తో సంప్రదించి, అని కంపెనీ, యూనియన్, కాలేజీ మూడు పక్షాల ఒప్పందంలో రాయించాలి. కంపెనీ సూచనలు ఇవ్వవచ్చు, పాఠం కొట్టేయలేదు.

---

ఈఎస్‌ఎల్_టీచర్:

ఫోటోలు అక్కర్లేదు. హెచ్ఆర్ ద్వారా ఖాళీ ఫారాలు తెప్పించండి: టెంపరేచర్ లాగ్, అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం) లేబుల్, పనివాడి తప్పు రాసిపెట్టే రైట్-అప్ ఫారం, సెలవు అర్జీ, షిఫ్ట్ ఎంచుకునే బిడ్ కాగితం, శానిటైజర్ డబ్బా మీది లేబుల్, పేరు కొట్టేసిన పే స్టబ్ ఒకటి. వీటితో 18 వారాల్లో సగం పాఠాలు వచ్చేస్తాయి. టీచర్ ఒకసారి డే షిఫ్ట్‌లో, ఒకసారి ఈవెనింగ్‌లో రెండేసి గంటలు లైన్ పక్కన నిలబడి వినాలి. మసాచుసెట్స్‌లో పనిచోటి క్లాసులకు ముందుగా ఒక బృందం కూర్చుంటుంది, అందులో యాజమాన్యం, యూనియన్, టీచర్, పనివాళ్ళు అందరూ ఉంటారు. ఎవరికి ఏం అవసరమో అడిగి తెలుసుకున్నాకే పాఠాలు రాస్తారు. మీరూ అలాగే చేయండి. సూపర్‌వైజర్ని అడిగితే "సూచనలు అర్థం కావడం లేదు" అంటాడు, పనివాళ్ళని అడిగితే "ఆ ఫ్యాన్ల హోరులో ఆయన మాట వినపడదు" అంటారు. ఈ రెండిటికీ పాఠాలు వేరు.

ఒక గంటన్నర పాఠం ఎలా నడుస్తుందో చెబుతాను, టెంపరేచర్ లాగ్‌తో. మొదటి పది నిమిషాలు పాత పాఠం. తర్వాత ఇరవై నిమిషాలు అంకెలు వినడం. ఫిఫ్టీన్-ఫిఫ్టీ, ఫోర్టీన్-ఫార్టీ జంటలు, వెనక ఫ్యాన్ హోరు రికార్డింగ్ పెట్టి. మన తెలుగువాళ్ళు పదంలో అన్ని భాగాలనూ ఒకే బరువుతో పలుకుతారు, అందువల్ల ఈ జంటలు వినడంలోనూ పలకడంలోనూ కలిసిపోతాయి. "ఫిఫ్టీన్"లో చివరి భాగాన్ని సాగదీసి ఒత్తడం, అనుమానం వస్తే "వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?" అని తిరిగి అడగడం, ఈ రెండూ అలవాటయ్యేదాకా చేయించాలి. చల్లటి ఆహారం 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, వేడిది 135 పైన ఉండాలి కనుక ఆ అంకెలనే వాడండి.

తర్వాత పాతిక నిమిషాలు లాగ్ చదవడం, అందులో కావాలనే ఒక తప్పు పెట్టి దొరకబుచ్చుకోమనడం. ఆ తర్వాత పాతిక నిమిషాలు జంటలుగా మాట్లాడటం, ఇదే అసలు పాఠం. చిల్లర్‌లో ట్రేలు 46 చూపిస్తున్నాయి, లీడ్ వచ్చి "వాట్ హ్యాపెండ్ హియర్?" అంటాడు. మనవాళ్ళ నోట మొదట వచ్చేది "సారీ సార్". తప్పు తమది కాకపోయినా సరే. దాన్ని నాలుగు చిన్న వాక్యాలుగా మార్చాలి: ఎక్కడ, ఎంత, ఎప్పుడు, నేనేం చేశాను. "చిల్లర్ టూ. ఇట్ వాజ్ ఫార్టీ సిక్స్. ఐ చెక్డ్ ఎట్ టెన్. ఐ మూవ్డ్ ద ట్రేస్." వ్యాకరణం అంతకంటే అక్కర్లేదు. చివరి పది నిమిషాలు అదే సంగతి లాగ్ షీట్‌లో రిమార్క్స్ గడిలో రాయడం, ఒక్క లైను.

అలర్జెన్ పాఠం వదలొద్దు. 2023 నుంచి నువ్వులు కూడా కలిపి పెద్ద అలర్జెన్లు తొమ్మిది. మనకు "నట్" అంటే అన్నీ ఒకటే, అక్కడ వేరుశనగ వేరు, జీడిపప్పు-బాదం లాంటివి వేరే వర్గం. ట్రే మీద లేబుల్ మారిపోతే ఆకాశంలో ఒక ప్రయాణికుడి ప్రాణం మీదికొస్తుంది.

గది విషయం కూడా చూడండి. బ్రేక్ రూమ్ అంటే మైక్రోవేవ్, టీవీ, మధ్యలో టిఫిన్ డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు. తలుపు వేసుకోగలిగే గది అడగండి.

---

యూకే_నుంచి:

మీకు నేరుగా పనికిరాకపోవచ్చు కానీ ఇక్కడి పద్ధతిలో తీసుకోదగ్గది ఒకటుంది. బ్రిటన్‌లో 2002 నాటి ఎంప్లాయ్‌మెంట్ చట్టం ప్రకారం యూనియన్ లెర్నింగ్ రెప్ అని ఒక ప్రతినిధి ఉంటారు. ఎవరికి ఏం నేర్చుకోవాలని ఉందో కనుక్కోవడం, కాలేజీతో మాట్లాడటం వాళ్ళ పని. యూనియన్‌ను గుర్తించిన యజమాని దానికి జీతంతో కూడిన సమయం ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 1998 నుంచి ఉన్న యూనియన్ లెర్నింగ్ ఫండ్‌ని ప్రభుత్వం 2021లో ఆపేసింది, అయినా చట్టంలో రాసి ఉన్న ఆ ప్రతినిధి హక్కు మిగిలింది. డబ్బు ఏ ఏడాదైనా పోవచ్చు కాబట్టి మీ కాంట్రాక్ట్‌లో కూడా అలాంటి మనిషిని ఒకరిని రాయించుకోండి, వారానికి రెండు గంటలు జీతంతో. తెలుగు, గుజరాతీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి "వదినా, నిన్న ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్ళు లేకుండా హాజరు నిలవదు.

---

ఫండ్_ట్రస్టీ:

డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం యజమాని శిక్షణ కోసం ఒక ఉమ్మడి ట్రస్ట్‌కి డబ్బు కట్టవచ్చు, ట్రస్టీలు రెండు పక్షాల నుంచీ సమానంగా ఉండాలి. పని చేసిన ప్రతి గంటకూ ఇన్ని సెంట్లు అని కాంట్రాక్ట్‌లో రాస్తారు. మీ 140 మంది ఏడాదికి 2,080 గంటలు చొప్పున చేస్తే, గంటకు 5 సెంట్లు వేసినా 14,560 డాలర్లు. ఇద్దరు టీచర్లకు, పుస్తకాలకు అది ఒక ఆధారం అవుతుంది. కానీ 140 మందికి సొంత ట్రస్ట్ పెట్టకండి. ఆడిట్, ప్రభుత్వానికి ఏటా ఇచ్చే రిపోర్టులు, బాండ్ ఖర్చులే సగం తినేస్తాయి. మీ యూనియన్‌కి ఇప్పటికే శిక్షణ ఫండ్ ఉంటే అందులో చేరండి. ఆసుపత్రి పనివాళ్ళ యూనియన్ 1199ఎస్ఈఐయూ ఫండ్ 1969 నుంచి, న్యూయార్క్‌లో కన్సార్టియం ఫర్ వర్కర్ ఎడ్యుకేషన్ 1985 నుంచి, లాస్ వెగాస్ కలినరీ అకాడమీ 1993 నుంచి నడుస్తున్నాయి. ఇవన్నీ చాలామంది యజమానులు, వేల మంది మెంబర్లు కలిస్తే నిలబడ్డవి.

వియోవా చట్టంలోనే పనిచోటి వయోజన విద్య నిర్వచనంలో యజమాని "లేదా" ఉద్యోగుల సంఘంతో కలిసి అని ఉంది. అంటే కంపెనీ ముందుకు రాకపోయినా యూనియన్, కాలేజీ కలిసి యూనియన్ హాల్లో మొదలుపెట్టవచ్చు. బేరంలో ఇది మీ చేతిలో ఉన్న మంచి ముక్క.

జాగ్రత్తపడాల్సింది ఇంకోటి. ఈ వయోజన విద్యను కూడా ఇమ్మిగ్రేషన్ స్థితి చూసి ఇచ్చే ఫెడరల్ ప్రయోజనంగా లెక్కిస్తామని 2025 జూలైలో కేంద్ర విద్యాశాఖ నోటీసు ఇచ్చింది, రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి. మీ ఎఫ్-4 వాళ్ళకు గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ అదే క్లాసులో టీపీఎస్ (తాత్కాలిక రక్షణ హోదా) మీద ఉన్న హైతీ వాళ్ళు ఉండవచ్చు. ఏ నిధితో నడుపుతున్నారో, చేరేటప్పుడు ఏ కాగితాలు అడుగుతారో కాలేజీని రాతపూర్వకంగా అడగండి. అడిగే పక్షంలో ఆ క్లాసుకు ట్రస్ట్ డబ్బు వాడండి, అందరూ ఒకే గదిలో కూర్చోవచ్చు.

కాంట్రాక్ట్‌లో పెట్టాల్సిన క్లాజు తెలుగులో రాసిస్తున్నాను, లాయర్ చేత ఇంగ్లీష్‌లో పెట్టించుకోండి:

"యజమాని ఏటా ఒక విడత, 18 వారాలకు తగ్గకుండా, వారానికి మూడు గంటల ఇంగ్లీష్ తరగతులకు వీలు కల్పిస్తాడు. అందులో సగం సమయానికి మామూలు జీతం ఇస్తాడు. హాజరు పూర్తిగా ఇష్టపూర్వకం. హాజరైనందుకు గానీ మానినందుకు గానీ, మార్కులను బట్టి గానీ ఏ ఉద్యోగి మీదా చర్య ఉండదు. యజమాని వల్ల తప్పిన తరగతి ఏడు రోజుల్లో జీతంతో తిరిగి ఇవ్వబడుతుంది. వ్యక్తిగత పరీక్షా ఫలితాలు యజమానికి ఇవ్వబడవు. ఈ తరగతులు ఉద్యోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వవలసిన భద్రతా శిక్షణకు బదులు కావు."